అయిదు డిగ్రీలు

పై అంతస్తు హార్ట్‌విగ్ కంటి ఆపరేషన్‌కి వెళ్తూ
తాళంచెవి నా చేతిలో పెట్టాడు.
"రోజుకోసారి ఫ్రిజ్ తలుపు తియ్యి, గూద్రున్.
లోపలి గాలి మారేదాకా పది లెక్కపెట్టు.
మళ్ళీ వేసెయ్యి. అంతే.
దాన్ని మాత్రం పలకరించకు."

ఫ్రిజ్‌లో పాలు లేవు, వెన్న లేదు,
బీరు సీసా ఒక్కటైనా లేదు.
మధ్య అరలో చెక్కపెట్టె,
పెట్టెలో ఎండుటాకులు, మట్టి,
మట్టి కింద ఒటీలియా.
పక్కన థర్మామీటరు,
ముల్లు అయిదు మీద.

సున్నా కిందికి జారితే కళ్ళు గడ్డకడతాయట.
పది దాటితే సగం మెలకువొచ్చి
లోపల దాచుకున్నదంతా
ఆకలి తెలియకుండానే కరిగిపోతుందట.
ఆ రెంటి మధ్య సన్నటి గట్టు మీద
నాలుగు నెలలు నడవాలి,
కాలు కదపకుండా.

గోడకి అంటించిన కాగితం మీద అతని అంకెలు:
నవంబరు పన్నెండు, వెయ్యీ నూట నలభై గ్రాములు.
డిసెంబరు మూడు, వెయ్యీ నూట ముప్ఫై నాలుగు.
క్రిస్మస్ నాడూ తూచాడు,
వెయ్యీ నూట ఇరవై ఎనిమిది.
పక్కన పెన్సిలుతో, చిన్నగా:
"బాగుంది. మంచు. ఎవరూ రాలేదు."

ముప్ఫై ఒక్క ఏళ్ళు గాజు ఫ్యాక్టరీలో
రాత్రి డ్యూటీ అతనిది.
కొలిమి ఆరితే లోపలి గాజు బిగుసుకుని
ఇటుకలు పగులుతాయి కాబట్టి
పండగొచ్చినా చావొచ్చినా
ఎవరో ఒకరు మేలుకునుండాల్సిందే.
చివరికో శుక్రవారం గ్యాసు కట్టెయ్యమన్నారు.
చక్రం తిప్పింది అతనే.
చల్లారడానికి పదకొండు రోజులు పట్టిందని
ఓసారి మెట్ల మీద చెప్పాడు,
నేనేమీ అడగకుండానే.

అప్పుడు నిప్పుకి కాపలా.
ఇప్పుడు చలికి.

మొదటి రోజు, బేకరీకి వెళ్తూ, తెల్లవారుజామున మూడున్నరకి
తలుపు తీసి పది లెక్కపెట్టాను.
రెండో రోజు ఇరవై.

మూడో రాత్రి కరెంటు పోయింది.
ఎప్పుడూ గుర్రుమనే ఫ్రిజ్ మూగబోయింది.
కాసేపటికేమీ కాదని ఇప్పుడు తెలుసు.
అప్పుడు తెలీదు.
పెట్టె చంకన పెట్టుకుని, థర్మామీటరు నోట కరుచుకుని
ఇల్లంతా అయిదు డిగ్రీల కోసం వెతికాను.
బాల్కనీలో మైనస్ తొమ్మిది.
నేలమాళిగలో పదకొండు.
అటకెక్కితే రెండు.
రెండో అంతస్తు మెట్ల మలుపులో, సందున్న కిటికీ పక్కన,
అయిదున్నర.
అక్కడే కూర్చున్నాను, కోటు మీద కోటేసుకుని.

కింది వాటా యాద్‌విగా కొవ్వొత్తి పట్టుకుని ఎదురొచ్చి
"పెట్టెలో ఏముంది?" అంది.
"నిద్ర" అన్నాను.
ఆమె ఇంకేం అడగలేదు. ఓ దుప్పటి తెచ్చింది,
నాకోసం.

మట్టిలో ఒక్క వేలు పెట్టాను, తప్పే.
డొప్ప ఏటిరాయిలా ఉంది.
చచ్చిపోయిందనుకున్నాను.
అంచున ముందుకాలు తగిలింది.
ఎంతసేపటికో, గడియారంలో చిన్న ముల్లు కదిలినట్టు,
ఆ కాలు
లోపలికి పోయింది.
నేనూ ఏమీ అనలేదు. పలకరించొద్దన్నాడు కదా.

రెండింటికి దీపాలు వెలిగాయి.
తక్కెడలో పెట్టి తూచాను: వెయ్యీ నూట ఇరవై రెండు.
అతని అంకెల కింద నా వంకర చేతిరాత:
"బాగుంది. కరెంటు పోయింది. ఇద్దరం ఉన్నాం."
రాశాక చూసుకుంటే
ఏ ఇద్దరమో నాకే సరిగ్గా తెలియలేదు.

కంటికి కట్టుతో తిరిగొచ్చాడు.
రెండో కన్ను కాగితానికి ఆనించి
చాలాసేపు చదివాడు, అంత లేకపోయినా.
తాళంచెవి వెనక్కి తీసుకోలేదు.
"మార్చిలో గోరువెచ్చని నీళ్ళు పెడతాను" అన్నాడు.
"మెడ బాగా చాచి తాగుతుంది.
చూడ్డానికి ఏముంటుందిలే,
గంట పడుతుంది."